ఏ మూలకం మాగ్నెట్‌ని నెట్టేస్తుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా: డయామాగ్నెటిజం మీద పూర్తి గైడ్

ఇనుము మాగ్నెట్‌కి అతుక్కుంటుంది, రాగి అతుక్కోదు, అంతే కదా అనుకుంటాం. కానీ రాగి ఊరికే ఉండదు, మాగ్నెట్‌ని కొంచెం వెనక్కి నెడుతుంది, కాకపోతే ఆ నెట్టుడు ఎంత తక్కువంటే చేతికి తెలీదు. బంగారం, వెండి, సీసం, గంధకం, బిస్మత్, చివరికి తాగే నీళ్ళు కూడా ఇదే బాపతు. దీన్నే డయామాగ్నెటిజం అంటాం. మన విజయవాడలో వీధికో కోచింగ్ సెంటర్ ఉంది, ప్రతి ఇంటర్ పిల్లాడూ "డయామాగ్నెటిక్‌కి ఉదాహరణ బిస్మత్" అని గడగడా చెప్తాడు, బిస్మత్ ముక్క చేత్తో పట్టుకుని చూసినవాడు మాత్రం చాలా అరుదు. దీనికి పెద్ద ల్యాబ్ ఏమీ అక్కర్లేదు, ఒక చీపురు పుల్ల, ఒక వెంట్రుక, ఒక మంచి మాగ్నెట్ చాలు. అసలు కష్టం నెట్టుడుని చూడటంలో లేదు, చూసింది నిజంగా డయామాగ్నెటిజమేనా లేక గాలా, తుప్పా, ఇంకేదైనా మాయా అని తేల్చుకోవడంలో ఉంది, అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని మీదే రాశాను.

ముందు మాగ్నెట్ సంగతి

స్పీకర్‌లో వచ్చే నల్ల ఫెర్రైట్ మాగ్నెట్, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు దీనికి పనికిరావు. నియోడిమియం మాగ్నెట్ కావాలి, ఎన్52 గ్రేడ్, 25 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ళ అయితే బాగుంటుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాని ముఖం దగ్గర సుమారు 0.4 టెస్లా (మాగ్నెట్ ఫీల్డ్ బలాన్ని కొలిచే యూనిట్) ఫీల్డ్ ఉంటుంది. డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే పాత కంప్యూటర్ల రిపేర్ షాపులో చచ్చిపోయిన హార్డ్ డిస్క్ ఒకటి అడిగి తెచ్చుకోండి, లోపల చంద్రవంక ఆకారంలో రెండు నియోడిమియం మాగ్నెట్లు ఉంటాయి, ఒకే ముఖం మీద నార్త్, సౌత్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కొంచెం దూరంలోనే ఫీల్డ్ గబుక్కున మారిపోతుంది, మన పనికి అదే కావాలి. ఎందుకంటే నెట్టుడు ఒక్క ఫీల్డ్ బలం మీదే ఆధారపడదు, ఫీల్డ్‌నీ, అది దూరంతో ఎంత వేగంగా మారుతుందో ఆ రేటునీ గుణిస్తే వచ్చేదాని మీద ఆధారపడుతుంది. పెద్ద మాగ్నెట్ ఉన్నా ఫీల్డ్ అంతటా ఒకేలా ఉంటే తోపు ఉండదు.

జాగ్రత్తలు చెప్పి తీరాలి. రెండు నియోడిమియం బిళ్ళలు ఎదురెదురుగా వదిలితే మధ్యలో వేలు నలిగిపోతుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో చిన్న సైజువి అసలు తేవద్దు, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని రంధ్రాలు పడతాయి, అప్పుడు ఆపరేషన్ దాకా పోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. ఇంకోటి, మామూలు గ్రేడ్ నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది, మే నెలలో మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేసే అలవాటు ఉంటే మానుకోండి.

చీపురు పుల్ల తక్కెడ

కొబ్బరి చీపురులోంచి నిటారుగా ఉన్న పుల్ల ఒకటి తీసి 25 సెంటీమీటర్లకి విరవండి. ఇంట్లో ఎవరి జడలోంచైనా పొడుగు వెంట్రుక ఒకటి తీసుకుని పుల్ల మధ్యలో కట్టి వేలాడదీయండి. దారం ఎందుకు వద్దంటే కుట్టు దారంలో ముందే మెలి ఉంటుంది, బరువు తగలగానే అది విప్పుకుంటూ పుల్లని గుండ్రంగా తిప్పుతూనే ఉంటుంది, గాల్లో తేమ మారితే మళ్ళీ తిరుగుతుంది, మీరు మాత్రం మాగ్నెట్ తిప్పింది అనుకుంటారు. వెంట్రుక ఒకటే పోగు, మెలి ఉండదు, పది ఇరవై గ్రాములు హాయిగా మోస్తుంది.

ఈ సెటప్ మొత్తాన్ని పెద్ద పారదర్శకం డబ్బాలో గానీ ఖాళీ ఫిష్ ట్యాంక్‌లో గానీ పెట్టాలి, పైన అట్ట కప్పాలి, మాగ్నెట్ పట్టుకున్న చెయ్యి దూరేంత సందు ఒక పక్క ఉంచుకోవాలి. ఫ్యాన్ ఆపాలి, ఏసీ కూడా ఆపాలి, ఏప్రిల్‌లో ఈ పని పెట్టుకుంటే చెమటతో తడిసిపోతారు, అందుకని తెల్లవారుజామున చేసుకోవడం మేలు. పుల్ల ఊగడం ఆగడానికి చాలాసేపు పడుతుంది, కాఫీ తాగి రండి.

మొదటి టెస్ట్ ద్రాక్షతో

పుల్ల రెండు చివర్లా ఒక్కో పచ్చ ద్రాక్షపండు గుచ్చండి, రెండూ సమంగా ఉండేలా సర్దండి. ద్రాక్షలో ఎక్కువ భాగం నీళ్ళే, నీళ్ళు డయామాగ్నెటిక్. పుల్ల పూర్తిగా నిలబడ్డాక మాగ్నెట్‌ని ఒక పండు పక్కగా, తగలకుండా రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలోకి మెల్లగా తీసుకెళ్ళి అక్కడే కదపకుండా పట్టుకోండి. మొదటి రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టు ఉంటుంది, తర్వాత పండు బద్ధకంగా దూరం జరగడం మొదలుపెడుతుంది, మాగ్నెట్‌తో వెంబడిస్తే పారిపోతూనే ఉంటుంది, అలా పుల్లని ఒక పూర్తి చుట్టు తిప్పొచ్చు. అక్కడ పనిచేసే బలం కొన్ని మిల్లీగ్రాముల బరువంతే, అంటే ఒక పంచదార పలుకో పదో.

పండ్లు వద్దనుకుంటే ఇంకో పద్ధతి ఉంది, చాలా అందంగా ఉంటుంది. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి ట్యూబ్‌లైట్ నీడ అందులో గీతలా కనపడేట్టు కూర్చోండి. మాగ్నెట్‌ని నీళ్ళ పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఆపితే కింద నీళ్ళు కొద్దిగా గుంట పడతాయి. గుంట లోతు మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు, కంటికి నేరుగా దొరకదు గానీ ట్యూబ్‌లైట్ గీత మాత్రం అక్కడ వంకర తిరుగుతుంది, మాగ్నెట్ జరిపితే వంకర కూడా జరుగుతుంది.

కదిలింది సరే, ఎందుకు కదిలిందో తేల్చండి

ఇది స్కిప్ చేస్తే మిగతాదంతా దండగ. ముందు డమ్మీ టెస్ట్: మాగ్నెట్ సైజులోనే ఒక చెక్క ముక్కకి మాగ్నెట్‌కి చుట్టిన టేపే చుట్టి, అదే చేత్తో అదే వేగంతో దగ్గరకు తీసుకెళ్ళండి. పుల్ల కదిలితే అది మీ చేతి గాలి, లేదా స్టాటిక్ కరెంట్. ప్లాస్టిక్ స్ట్రా వాడితే స్టాటిక్ గోల ఎక్కువ, చీపురు పుల్లతో తక్కువ, మన కృష్ణ ఒడ్డు ఉక్కపోత ఈ ఒక్క విషయంలో మాత్రం కలిసొస్తుంది.

తర్వాత మాగ్నెట్ తిప్పి పట్టండి. డయామాగ్నెటిక్ వస్తువుని నార్త్ నెడుతుంది, సౌత్ కూడా నెడుతుంది. ఒక ముఖం నెట్టి ఇంకో ముఖం లాగిందంటే మీ శాంపిల్‌లో ఎక్కడో శాశ్వత మాగ్నెట్ తునక ఉన్నట్టే.

మూడోది రాగి, వెండి, అల్యూమినియం లాంటి లోహాలకి మాత్రమే. మాగ్నెట్ వేగంగా దగ్గరకు తెస్తే లోహంలో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడి తిరిగే కరెంట్లు పుట్టి అది వెనక్కి పోతుంది, వేగంగా వెనక్కి లాగితే వెంట వస్తుంది, ఇది డయామాగ్నెటిజం కాదు, చాలా వీడియోల్లో రాగి పైపులో మాగ్నెట్ మెల్లగా జారడం చూపించి అదే డయామాగ్నెటిజం అని చెప్పేస్తుంటారు, తప్పు. తేడా ఒక్కటే, మాగ్నెట్ కదలడం ఆపితే ఎడ్డీ కరెంట్లు ఆగిపోతాయి, డయామాగ్నెటిజం ఆగదు. అందుకే మాగ్నెట్ తెచ్చి స్థిరంగా పట్టుకుని ఆ తర్వాత ఏం జరుగుతుందో మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు ఇనుము. ససెప్టిబిలిటీ అంటే మాగ్నెట్ ఫీల్డ్‌కి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య, మైనస్ అయితే నెట్టుడు, ప్లస్ అయితే ఆకర్షణ. రాగికి అది 10⁻⁶ లెక్కలో మైనస్ 9.6, ఇనుముకైతే ఆ 10⁻⁶ లేకుండానే వేలల్లో ఉంటుంది, అంటే రాగి ముక్క మీద కటింగ్ ప్లేయర్ వదిలిన ఇనుప పొడి కంటికి కనపడనంత ఉన్నా రాగి మాగ్నెట్ వైపు వచ్చేస్తుంది. లోహం శాంపిల్ ఏదైనా కత్తిరించాక చింతపండు పులుసులోనో నిమ్మ ఉప్పు నీళ్ళలోనో కాసేపు నానబెట్టి, కడిగి, ఆరబెట్టి అప్పుడు టెస్ట్ చేయండి. ఆకర్షణ కనపడగానే "ఇది పారామాగ్నెటిక్" (మాగ్నెట్ వైపు కొంచెం లాగబడే రకం) అని రాసేసుకోవద్దు, ఇంకోసారి కడగండి. ఇత్తడితో అసలు పెట్టుకోవద్దు, విజయవాడ వన్ టౌన్‌లో కొన్న ఇత్తడి గ్లాసైనా ఇంకెక్కడిదైనా అందులో ఇనుము జాడ ఉంటే రిజల్ట్ తలకిందులవుతుంది.

మూలకాలు పోగేయడం

ఇక ఇష్టమైన భాగం. ఒక పాత చవక సెల్, అంటే ఆల్కలైన్ కాని మామూలు పెన్సిల్ సెల్ విప్పితే రెండు మూలకాలు ఒకేసారి దొరుకుతాయి, పై డబ్బా జింక్, మధ్యలో కడ్డీ కార్బన్. ఆ రెంటి మధ్య ఉండే నల్ల ముద్ద మాంగనీస్ డయాక్సైడ్, అది బాగా పారామాగ్నెటిక్, కడ్డీ మీద ఒక మరక మిగిలినా మొత్తం చెడగొడుతుంది, గ్లవ్స్ వేసుకుని శుభ్రంగా తోమండి. జింక్ ససెప్టిబిలిటీ సుమారు మైనస్ 12 (ఈ భాగంలో అంకెలన్నీ 10⁻⁶ లెక్కలోనే). కార్బన్ కోసం ఇంకా సులువు దారి పెన్ పెన్సిల్‌లో వేసే సన్నటి లీడ్లు, 2బి అయితే గ్రాఫైట్ పాలు ఎక్కువ, నాలుగైదు కట్టగట్టి వేలాడదీస్తే చక్కగా పారిపోతాయి.

గంధకం మూలికల షాపుల్లో దొరుకుతుంది, దానిది కూడా మైనస్ 12 ప్రాంతం. సీసం కావాలంటే వలలకి కట్టే గుండ్లు అడగండి, మైనస్ 16 దాకా, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, వంటింట్లో మాత్రం పెట్టొద్దు. వెండికి మైనస్ 24, బంగారానికి మైనస్ 34, ఇంట్లో అమ్మ ఒప్పుకుంటే 22 క్యారెట్ల గాజు వేలాడదీయొచ్చు, అందులో కలిపే రాగి, వెండి కూడా డయామాగ్నెటిక్కే కాబట్టి ఇబ్బంది లేదు, కానీ గొలుసు హుక్‌లో చిన్న స్టీల్ స్ప్రింగ్ ఉంటుంది, గొలుసులు వద్దు. పాదరసం మైనస్ 28 అయినా దాని కోసం థర్మామీటర్ పగలగొట్టకండి, ఆవిరి విషం. యాంటిమొనీ మైనస్ 68. వీటన్నిటికీ రాజు బిస్మత్, మైనస్ 166, నీళ్ళకంటే 18 రెట్లు. దాన్ని ఆన్‌లైన్‌లో కడ్డీగా తెప్పించుకోవచ్చు, సీసంలా విషం కాదు, 271 డిగ్రీలకే కరుగుతుంది. మాగ్నెట్ దగ్గరకు తేగానే ద్రాక్షలా ఆలోచించదు, వెంటనే జరుగుతుంది. బిస్మత్ నెట్టబడుతుందని ఆంటోన్ బ్రుగ్‌మాన్స్ 1778లోనే గమనించాడు, అది దాదాపు అన్ని పదార్థాల్లో ఉండే గుణం అని 1845లో మైకేల్ ఫారడే తేల్చాడు.

పోల్చుకోవడానికి అల్యూమినియం కూడా ఉంచుకోండి, సత్తు గిన్నె ముక్క వద్దు, కిచెన్ ఫాయిల్ ఉండ చుట్టండి. ప్లస్ 21 ఉంటుంది, మెల్లగా మాగ్నెట్ వైపు వస్తుంది. నెట్టేవాటి మధ్య లాగేది ఒకటి చూస్తే తక్కెడ మీద నమ్మకం కుదురుతుంది.

బీరువాలో వేసే కలరా ఉండ మూలకం కాదు గానీ దాని గురించి ఒక మాట చెప్పాలి. నాఫ్తలీన్ స్ఫటికం డయామాగ్నెటిజం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు, బెంజీన్ రింగుల తలానికి నిలువు దిశలో ఎక్కువ ఉంటుంది. ఈ నాఫ్తలీన్ స్ఫటికాల మీద 1929లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో పేపర్ వేసింది కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం, పుట్టింది అప్పటి మన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో, విజయవాడ నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. ఇక్కడి కాలేజీల ఫిజిక్స్ క్లాసుల్లో ఈ పేరు వినపడకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నంబర్ కావాలంటే

నగల షాపు టైపు 0.01 గ్రాముల డిజిటల్ కాటా చాలు. కాటా మీద థర్మోకోల్ దిమ్మ పది పదిహేను సెంటీమీటర్ల ఎత్తున పెట్టి దాని మీద మాగ్నెట్ అంటించి, టేర్ నొక్కి సున్నా చేయండి. మాగ్నెట్ కాటా లోపలి భాగాల్ని కొంచెం లాగినా అది స్థిరంగా ఉంటుంది, సున్నాలో కలిసిపోతుంది. ఇప్పుడు శాంపిల్‌ని స్టాండ్‌కి బిగించి పైనుంచి మాగ్నెట్ మీదకు దించండి, తగలకూడదు. రీడింగ్ పెరిగితే శాంపిల్ మాగ్నెట్‌ని కిందికి నెడుతోంది, అంటే డయామాగ్నెటిక్, తగ్గితే లాగుతోంది. డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబుల్లో వాడే గూయ్ బ్యాలెన్స్‌లో శాంపిల్‌ని తూస్తారు, ఇక్కడ మనం మాగ్నెట్‌నే తూస్తున్నాం, న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండూ ఒకటే.

లెక్క ప్రకారం ఐదు సీసీల బిస్మత్‌కి 0.3 గ్రాముల దరిదాపుల్లో రావాలి, అంతే సైజు నీళ్ళకి 0.02 గ్రాములు, అంటే కాటా చివరి అంకె రెండు గీతలు కదులుతుంది. అందుకే నీళ్ళని రిఫరెన్స్‌గా పెట్టుకోవాలంటే ఒకే డబ్బా, ఒకే ఎత్తు, ఒకే ఘనపరిమాణం వాడి చాలాసార్లు తీసి సగటు వేయాలి, డబ్బా ఖాళీగా ఉన్నప్పటి రీడింగ్ తీసేయాలి. శాంపిల్ విలువ = (−9) × (శాంపిల్ రీడింగ్ ÷ నీళ్ళ రీడింగ్), ఇందులో −9 అనేది 10⁻⁶ లెక్కలో నీళ్ళ ససెప్టిబిలిటీ. చిన్న మెలిక, చుట్టూ ఉన్న గాల్లో ఆక్సిజన్ పారామాగ్నెటిక్, గాలి వల్ల సుమారు 0.4 తేడా వస్తుంది, బిస్మత్‌కి పట్టించుకోనక్కర్లేదు, సిలికాన్ లాంటి మైనస్ 3 వాటికి కలుపుకోవాలి.

కొలవకుండా ఊహించాలంటే

పుస్తకం రూల్: ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉంటే డయామాగ్నెటిక్, ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటే పారామాగ్నెటిక్. జడవాయువులకి ఇది చక్కగా పనిచేస్తుంది. 1905లో లాంజెవాన్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఎలక్ట్రాన్ల సంఖ్య ఎంత ఎక్కువైతే, అవి కేంద్రకానికి ఎంత దూరంగా తిరిగితే డయామాగ్నెటిజం అంత ఎక్కువ. మోలార్ విలువలు (ఒక మోల్‌కి లెక్క) పాత సీజీఎస్ (సెంటీమీటర్-గ్రామ్-సెకండ్) పద్ధతిలో, 10⁻⁶ లెక్కలో చూడండి, పై అంకెలతో నేరుగా పోల్చకూడదు: హీలియం మైనస్ 2, నియాన్ 7, ఆర్గాన్ 19, క్రిప్టాన్ 29, జినాన్ 45, మెట్లు ఎక్కినట్టు పెరుగుతాయి.

లోహాల దగ్గరకి వచ్చేసరికి రూల్ బోల్తా కొడుతుంది, ఈఏపీసెట్ రాసేవాళ్ళు ఇక్కడే జాగ్రత్తపడాలి. మెగ్నీషియం, కాల్షియం పరమాణువుల్లో ఎలక్ట్రాన్లన్నీ జతలే, కానీ లోహం ముక్క పారామాగ్నెటిక్. రాగి, వెండి, బంగారం పరమాణువుల్లో బయట ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటుంది, కానీ లోహం డయామాగ్నెటిక్. లోహంలో బయటి ఎలక్ట్రాన్ ఏ ఒక్క పరమాణువుకీ చెందదు, అందరి సొత్తూ అయిపోతుంది, ఆ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఇచ్చే బలహీనమైన పారామాగ్నెటిజం ఒకవైపు, లోపల నిండిన కక్ష్యల డయామాగ్నెటిజం ఇంకోవైపు, ఏది గెలిస్తే అది పైకి కనపడుతుంది. రాగిలో నిండిన డి కక్ష్య పది ఎలక్ట్రాన్లతో గెలుస్తుంది, మెగ్నీషియంలో లోపల అంత సరుకు లేదు. బెరీలియం మాత్రం అదే గ్రూపులో ఉండి కూడా డయామాగ్నెటిక్. జింక్, కాడ్మియం, పాదరసం మూడూ డయామాగ్నెటిక్.

రూపం మారినా జవాబు మారుతుంది. తగరం మామూలుగా మనం చూసే తెల్ల రూపంలో పారామాగ్నెటిక్, 13 డిగ్రీల కింద స్థిరంగా ఉండే బూడిద రూపంలో డయామాగ్నెటిక్. బోరాన్ విషయంలో ప్రశ్న జాగ్రత్తగా చదవాలి, రెండు పరమాణువుల బోరాన్ మాలిక్యూల్ అయితే పారామాగ్నెటిక్, ఘన బోరాన్ అయితే డయామాగ్నెటిక్. గంధకం మామూలు ఎనిమిది పరమాణువుల రింగుగా డయామాగ్నెటిక్, బాగా వేడి చేస్తే ఆవిరిలో వచ్చే రెండు పరమాణువుల గంధకం పారామాగ్నెటిక్. నైట్రోజన్ నెడుతుంది, ఆక్సిజన్ లాక్కుంటుంది. సీసాన్ని 7.2 కెల్విన్ కిందకి చల్లబరిస్తే సూపర్‌కండక్టర్ (కరెంట్‌కి అడ్డే ఉండని పదార్థం) అయిపోయి ససెప్టిబిలిటీ 10⁻⁶ లెక్క వదిలేసి ఏకంగా మైనస్ 1కి దూకుతుంది, అంతకు మించి నెట్టడం ఏ పదార్థానికీ కుదరదు.

చివరగా గాల్లో తేల్చడం

తేలాలంటే ఫీల్డ్‌ని దాని మార్పు రేటుతో గుణించిన విలువ ఒక హద్దు దాటాలి. నీళ్ళకి అది సుమారు 1400 టెస్లా స్క్వేర్ పర్ మీటర్, ఆండ్రే గైమ్ బృందం 1997లో నెదర్లాండ్స్‌లో కప్పని తేల్చడానికి 16 టెస్లా మాగ్నెట్ వాడింది అందుకే. బిస్మత్‌కి 730 దాకా కావాలి, బరువెక్కువ కదా, ఇంట్లో కుదరదు. పైరోలిటిక్ గ్రాఫైట్ (పొరలు పొరలుగా తయారుచేసిన గ్రాఫైట్) పలకకి మాత్రం 65, 70 చాలు, తేలికగా ఉంటుంది, పలకకి నిలువు దిశలో ససెప్టిబిలిటీ 10⁻⁶ లెక్కలో మైనస్ 400 దాకా ఉంటుంది.

10 మిల్లీమీటర్ల నియోడిమియం ఘనాలు నాలుగు తీసుకుని, ఒకటి నార్త్ పైకి, పక్కది సౌత్ పైకి వచ్చేలా చదరంగం గళ్ళలా అమర్చి ఇనుప పలక మీద ఆనించండి, అవే కుదురుకుంటాయి. నాలుగు మాగ్నెట్లు కలిసిన చదరం కంటే చిన్నదిగా, 10, 12 మిల్లీమీటర్ల గ్రాఫైట్ పలకని మధ్యలో వదిలితే మిల్లీమీటర్ లోపు ఎత్తులో తేలి నిలబడుతుంది, కింద సన్నటి కాగితం దూర్చి చూసుకోవచ్చు. పలక మందం ఒక మిల్లీమీటర్ లోపే ఉండాలి, మందం పెరిగితే పై పొర బలహీనమైన ఫీల్డ్‌లోకి పోయి బరువు మాత్రమే మిగులుతుంది. జడవాయువుల్లో డయామాగ్నెటిజం వేడికి మారదు గానీ గ్రాఫైట్‌లో తగ్గుతుంది, అందుకే ఒక మూల లేజర్ వేసి వేడి చేస్తే అక్కడ నెట్టుడు తగ్గి పలక అటు వాలుతుంది. మామూలు పాయింటర్‌తో అంతగా తెలీదు, బలమైన లేజర్ అయితే కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, గ్రాఫైట్ మెరుస్తుంది, వెలుగు తిరిగి కంట్లోకి కొడుతుంది.